కొక్కేనికి కట్టిన డిపాజిట్

మా పిన్నిని ఈ వీధిలో అందరూ మంచిది అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. మనిషిని మంచిది అనడం ఎంత చవకో! ఆ మాట అనేస్తే ఇక ఏమీ ఇవ్వనక్కర్లేదు.

పిన్ని పిల్లల్ని చూస్తుంది. పనులకి వెళ్ళే తల్లిదండ్రులు పొద్దున తెచ్చి మా ముందుగదిలో దింపుతారు, సాయంత్రం వచ్చి తీసుకెళ్తారు. మధ్యలో ఉన్నదంతా పిన్నిది. తినిపించడం, కడగడం, నిద్రపుచ్చడం, ఒకడి బొమ్మ ఇంకొకడు లాక్కుంటే ఇద్దరి ఏడుపూ తీర్చడం. ఎవరైనా అడిగితే మా చుట్టాలు "ఇంట్లోనే ఉంటుంది, పిల్లల్ని చూస్తుంది" అని చెబుతారు. ఇంట్లోనే ఉంటుందట! తెల్లారింది మొదలు నడుం వాల్చని మనిషి ఇంట్లో ఉన్నట్టా?

పిన్నికి పిల్లలు లేరు. మా అమ్మ పోయాక నన్ను తెచ్చుకుని పెంచింది. అప్పట్లో చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో కాలర్లు అతికించేది. ఆ ఫ్యాక్టరీ మూతపడ్డాక, పక్క మిషన్ మీద పనిచేసిన ఆమెకి ఇంకోచోట పని దొరికింది. "నా వాణ్ణి నాలుగు రోజులు చూడవే" అని తన కొడుకుని పిన్ని చేతిలో పెట్టి వెళ్ళింది. నాలుగు రోజులు రెండేళ్ళయింది. ఆ పిల్లాడు బడికి వెళ్ళేసరికి పిన్నికి అదే పని అయిపోయింది. ఇంట్లో పిల్లల్ని చూసేందుకు పరీక్ష పాసై లైసెన్సు తెచ్చుకుంది. పోపుల డబ్బాల పక్కన మందుల పెట్టె వచ్చింది, స్విచ్చులకి మూతలు వచ్చాయి, వంటింటి గుమ్మానికి మా బాబాయి పాత మంచం పట్టెలతో అడ్డ గేటు కొట్టాడు. ఆ గేటు దాటలేక ఎక్కువసార్లు పడింది బాబాయే.

ముందుగది గోడకి, పిల్లల చెయ్యి అందే ఎత్తులో నాలుగు కొక్కేలు ఉంటాయి. ఒక్కోదాని మీద ఒక్కో బొమ్మ అంటించి ఉంటుంది. చేప, గొడుగు, లారీ, నక్షత్రం. సంచీ, చొక్కా, తువ్వాలు ఎవరివి వాళ్ళ కొక్కేనికి తగిలించుకోవాలి. నాలుగే ఎందుకంటే లైసెన్సులో నలుగురే అని ఉంది. ఐదో కొక్కేనికి గోడలో చోటుంది గాని చట్టంలో లేదు. మూడు కొక్కేల డబ్బు ఇంటద్దెకీ, పాలకీ, కరెంటుకీ పోతుంది. నాలుగోదాని మీద మేం బతుకుతాం. అది ఖాళీగా ఉంటే మాకు కష్టం, అలాగే కొన్నాళ్ళు ఖాళీగా ఉంటే ఇల్లే ఉండదు. ఇంటాయన మా ముందుగదిని మోటారు స్పేర్ పార్ట్స్ కొట్టుకి ఇవ్వాలని ఎప్పటినించో చూస్తున్నాడు. అద్దె ఒక్కసారి ఆలస్యమైతే చాలు, ఆయనకి సాకు దొరుకుతుంది.

అందుకే డిపాజిట్. మొదట్లో పిన్ని తీసుకునేది కాదు. ఒకావిడ "మా బాబుకి చోటు ఉంచండి, ఉద్యోగంలో చేరగానే తెస్తాను" అంది. పిన్ని ఉంచింది, మధ్యలో అడిగినవాళ్ళందరినీ పంపేసింది. ఆవిడ రానేలేదు. "నువ్వు చోటు దాచావు, ఆవిడ మొహం దాచింది" అని బాబాయి ఎగతాళి చేసి, ఆ సాయంత్రమే కాగితం రాశాడు. బాబాయి డెలివరీ వ్యాను నడుపుతాడు. ఆయనకి తెలిసిన కాగితాలన్నీ సరుకు దించాక సంతకం పెట్టించుకునేవే. అదే బాణీలో రాశాడు. చేరేటప్పుడు ఒక నెల ఫీజు డిపాజిట్. మానేసేముందు నెల రోజులు చెప్పాలి. చెబితే మొత్తం వెనక్కి, చెప్పకపోతే రాదు. అంతే. గంటలు తగ్గిస్తే ఏమిటన్నది అందులో లేదు. సరుకు సగం దిగి సగం వ్యానులో ఉండిపోవడం ఆయనెప్పుడూ చూడలేదు మరి.

పిన్ని ఆ డిపాజిట్లని ముట్టుకోదు. వేరే ఖాతాలో వేస్తుంది. ఇంట్లో గ్యాసు అయిపోయి పక్కింట్లో చెయ్యి చాచిన రోజు కూడా అందులోంచి తియ్యలేదు. "అది పిల్లల సొమ్ము" అంటుంది. పిల్ల మానేసి వెళ్ళే రోజు ఆ డబ్బు కవర్లో పెట్టి పిల్ల చేతికే ఇస్తుంది. తల్లికీ ఇవ్వదు, తండ్రికీ ఇవ్వదు.

మేనేజరమ్మ కూతురు మా ఇంటికి వచ్చేసరికి రెండేళ్ళు నిండాయి. తల్లికి ఆ పేరు బాబాయి పెట్టాడు. ఆవిడ అద్దాల మేడలో ఏదో పెద్ద ఉద్యోగం చేస్తుంది, గుమ్మంలో నిలబడి కూడా ఫోనులో ఎవరికో పనులు పురమాయిస్తూ ఉంటుంది. వాళ్ళాయన ఆవిడ వెనకాల నిలబడి తల ఊపుతాడు. ఆయన పేరు తలూపుడు. పిల్లకి ఒక్క మాట రాదు. కిచకిచమంటూ ఏవో చప్పుళ్ళు చేసేది. పిన్ని దాన్ని పిచ్చుక అంది. ఇల్లంతా పిచ్చుక అన్నారు. గొడుగు కొక్కెం దానిది.

వారానికి ఐదు రోజులు, పొద్దున్నించి సాయంత్రం దాకా అని మాట్లాడుకున్నారు. ఆ లెక్కనే నెల ఫీజు డిపాజిట్ కట్టారు.

మొదటివారం పిచ్చుక తలుపు దగ్గరే కూర్చుంది. మేనేజరమ్మ పిల్ల చూడకుండా జారుకోబోతే పిన్ని ఆపింది. "చెప్పి వెళ్ళండమ్మా. ఏడిస్తే ఏడవనివ్వండి. అమ్మ మాయమైపోతుందని తెలిస్తే రేపటినించి వీపు తిప్పడానికే భయపడుతుంది." మేనేజరమ్మ గడియారం చూసుకుంది గాని, వెనక్కి వచ్చి చెప్పే వెళ్ళింది.

పిన్ని ఆ పిల్లతో పడ్డ పాట్లు నేను కళ్ళారా చూశాను. నాకు గిడ్డంగిలో రాత్రి డ్యూటీ పడ్డ వారాల్లో పగలు ఇంట్లోనే ఉంటాను. పుస్తకం ముందేసుకుని మెట్ల మీద కూర్చుంటే ముందుగది అంతా కనబడుతుంది. పిన్ని అద్దం ముందు పిచ్చుకని ఒళ్ళో కూర్చోబెట్టుకుని నోరు ఎలా తిప్పాలో చూపించేది. చెప్పిందే చెప్పేది. గొంతు పోయేదాకా చెప్పేది. ఒకరోజు సబ్బునీళ్ళ బుడగలు ఊదుతోంది. ఊదడం ఆపగానే పిచ్చుక పిన్ని చెంగు పట్టుకుని "మళ్ళీ" అంది.

అంత స్పష్టంగా అంది. పిన్ని ఊదింది. పిల్ల మళ్ళీ "మళ్ళీ" అంది. పిన్ని కళ్ళలో నీళ్ళు. నేను మెట్లు దిగి వచ్చి, "ఫోన్ చెయ్యి పిన్నీ, వాళ్ళమ్మకి చెప్పు" అన్నాను.

"నోర్ముయ్" అంది.

"అదేంటి?"

"మొదటి అడుగు, మొదటి మాట మనం చెప్పకూడదురా. రేపో ఎల్లుండో ఇంట్లో అంటుంది. అదే మొదటిసారి. తల్లి ఆఫీసులో ఉండగా ఇక్కడ అయిపోయింది అని ఎలా చెబుతాం? ఆ పిల్ల గుండె ఏమైపోతుంది?"

ఆ పిల్ల అంటే మేనేజరమ్మ. పిన్నికి పిల్లలు కానివాళ్ళంటూ ఎవరూ లేరు.

ఆ ఆదివారం ఇంట్లో పిచ్చుక "మళ్ళీ" అంది. సోమవారం మేనేజరమ్మ గుమ్మంలోకి వస్తూనే మొదటిసారి ఫోను జేబులో పెట్టుకుంది.

"ఆంటీ! నిన్న మాట్లాడింది! ఇంట్లో! మేమిద్దరం ఉన్నప్పుడు!"

"అవునా తల్లీ! ఏమంది, ఏమంది?" అని పిన్ని నోరు వెళ్ళబెట్టి అడిగింది. ఇంత బాగా నటించే మనిషిని నేను చూడలేదు.

పదిరోజులు తిరగకుండానే మేనేజరమ్మ ఇంకో మాట తెచ్చింది. ఆఫీసువాళ్ళు మూడు రోజులు ఇంటినించి పనిచేసుకోమన్నారట. "ఇంట్లో ఉంటేనే దానికి మాటలు వస్తున్నాయని మాకు అర్థమైంది ఆంటీ. ఇక్కడ అందరిలో ఒకతె కదా. ఇక మంగళ, గురువారాలు తెస్తాం. రెండు రోజులు చాలు."

నేను మెట్ల మీదే ఉన్నాను. చేతిలో పుస్తకం నలిగిపోయింది. పిన్ని నా వైపు చూసి, కదిలావో అని కళ్ళతో చెప్పి, "మీ ఇష్టం తల్లీ" అంది.

"మరి డిపాజిట్ కూడా తగ్గించాలి కదా ఆంటీ? ఐదు రోజుల లెక్కన కట్టాం. ఇప్పుడు రెండు రోజులే. మిగతాది వెనక్కివ్వాలి కదా." వెనకాల తలూపుడు తల ఊపాడు.

పిన్ని ఆలోచించింది. గంటలు తగ్గాయి, ఫీజు తగ్గింది, డిపాజిట్ ఫీజు లెక్కన తీసుకున్నదే కాబట్టి అదీ తగ్గాలి అనుకుంది. అది పిల్లల సొమ్ము. తనది కాని సొమ్ము ఒక్క పూట ఎక్కువ దగ్గరుంటే పిన్నికి నిద్ర పట్టదు. మర్నాడే బ్యాంకుకి వెళ్ళి తెచ్చి, కవర్లో పెట్టి, అలవాటు ప్రకారం పిచ్చుక చేతికి ఇచ్చింది. పిచ్చుక కవరు మూల నోట్లో పెట్టుకుని నమిలింది. వాళ్ళమ్మ లాక్కుని, తడి తుడిచి, లెక్క చూసుకుంది.

సాయంత్రం బాబాయి అగ్గి మీద గుగ్గిలమయ్యాడు.

"పిండి కొద్దీ రొట్టె విన్నాను గాని, గంటల కొద్దీ డిపాజిట్ ఏంటే? ఆ కొక్కేనికి మిగతా మూడు రోజులు ఎవర్ని తగిలిస్తావు? నన్నా?"

"ఎవరో వస్తారు లెండి."

"సోమ, బుధ, శుక్రవారాలు మాత్రమే పనికెళ్ళే తల్లి ఎక్కడుంటుంది? చేయించి తెమ్మంటావా?"

ఎవరూ రాలేదు. అడిగినవాళ్ళందరికీ ఐదు రోజులూ కావాలి. పిన్నికి చోటు ఉన్నట్టే ఉండి లేదు. గొడుగు కొక్కెం వారంలో మూడు రోజులు బోడిగా వేలాడేది. పిచ్చుక వచ్చిన రెండు రోజులూ పిన్నికి మిగతావాళ్ళకంటే దాంతోనే పని ఎక్కువ. మూడు రోజులు ఇంట్లో టీవీ ముందు కూర్చుని వచ్చిన పిల్ల నోరు మళ్ళీ మూసుకుపోయేది. పిన్ని మళ్ళీ అద్దం ముందు కూర్చునేది.

తర్వాత ఒకరోజు మేనేజరమ్మ "రెండు రోజులు కూడా ఎక్కువే ఆంటీ, గురువారం ఒక్క పూట చాలు" అంది. మళ్ళీ డిపాజిట్లో తేడా అడిగింది. పిన్ని మళ్ళీ ఇచ్చింది.

అదే సాయంత్రం నేను గేటు బయట సైకిల్ టైరుకి గాలి కొడుతున్నాను. తలూపుడు కారు పక్కన నిలబడి ఫోనులో ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. ఆయన గొంతు వినడం నాకదే మొదటిసారి. "ఒకేసారి మానేస్తే నెల ముందు చెప్పాలి, చెప్పకపోతే డిపాజిట్ పోతుంది. మేమేం చేశామంటే, ముందు గంటలు తగ్గించాం. తగ్గించినప్పుడల్లా కొంత వెనక్కి తీసుకున్నాం. ఇక మిగిలింది ఒక్క పూటది. అది పోతే ఎంత... ఆ, ఆవిడ చాలా మంచిది."

పంపు చేతిలో ఉంది. ఎలా ఆగానో నాకే తెలియదు. లోపలికి వెళ్ళి పిన్నికి చెప్పాను. నమ్మలేదు. "పిల్ల తండ్రి అలా అనడురా. నువ్వు పుస్తకాలు చదివి చదివి అందర్నీ దొంగలు చేస్తున్నావు."

ఆ వచ్చే బుధవారం మేనేజరమ్మ ఫోనుకి సందేశం పెట్టింది. రేపటినించి రావడం లేదని, పాపని ఇంట్లోనే చూసుకుంటామని, ఇంతకాలం చూసినందుకు థాంక్స్ అని. చివర్లో: "మిగిలిన డిపాజిట్ మీరే ఉంచుకోండి ఆంటీ, ఫర్వాలేదు."

ఫర్వాలేదట! ఒక పూట డిపాజిట్ మా పిన్నికి దానం చేసింది. దాంతో ఆ పిల్లకి వారం పాటు మార్చిన డైపర్లు కూడా రావు. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళని చూశాను గాని, తెప్ప తగలేసి ఆ బూడిద తెప్పవాడికి బహుమానం ఇచ్చేవాళ్ళని అప్పుడే చూశాను.

పిన్ని ఆ సందేశం రెండుసార్లు చదువుకుంది. డబ్బు మాటే ఎత్తలేదు. "పిల్ల చేత వెళ్ళొస్తానని కూడా చెప్పించలేదురా. మొన్న గురువారం చెయ్యి ఊపి వెళ్ళింది. మళ్ళీ వస్తాననే అనుకుని ఉంటుంది" అంది. తర్వాత గొడుగు కొక్కెం మీదున్న తువ్వాలు తీసి ఉతికింది. ఉతికిందే ఉతికింది.

బాబాయి కొత్త కాగితం రాశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే గాని, ఈసారి ఆకులు గట్టివి. డిపాజిట్ గంటలకి కాదు, కొక్కేనికి. కొక్కెం మీ పేరున ఉన్నంతకాలం గంటలు ఎంత తగ్గించుకున్నా డిపాజిట్ తగ్గదు. నెల ముందు చెప్పి మానేస్తే మొత్తం వస్తుంది. డిపాజిట్ పూర్తిగా కడితేగాని చోటు ఖాయం కాదు. నేనే తప్పులు దిద్ది, అచ్చు తీయించి తెచ్చి తలుపుకి అంటించాను. నాకు చాలా తృప్తిగా ఉండింది. మెత్తగా ఉంటే మొత్తబుద్ధి అవుతుంది, ఇక మొత్తమనండి చూద్దాం అనుకున్నాను.

ఆ తలుపు ముందు మొదట నిలబడింది ఒక సిటీబస్సు డ్రైవరు. యూనిఫాంలోనే వచ్చింది. నడుం మీద నడక రాని పిల్లాడు, బూరెబుగ్గలవాడు, బస్సు హారన్ లాంటి గొంతు. కొత్తగా పనిలో చేరిందట. తెల్లవారి డ్యూటీ. వాళ్ళాయన వేరే ఊళ్ళో పని చేస్తాడు. తను డ్యూటీలో ఉన్నంతసేపూ పిల్లాణ్ణి పక్కగది ముసలావిడ చూసేదట, ఆవిడ కూతురింటికి వెళ్ళిపోయింది. ఐదు రోజులూ కావాలి. పిన్ని మొహం వెలిగింది. పిల్లాడు అప్పటికే పిన్ని చంకలోకి దూకాడు.

డ్రైవరమ్మ కాగితం చదివింది. పెదవి కొరుక్కుంది.

"నెల ఫీజు ఒకేసారి నా వల్ల కాదక్కా. గది అడ్వాన్సు మొన్ననే కట్టాను. మొదటి జీతం రావాలి."

నేను వెనకాలే ఉన్నాను. బాబాయి కూడా ఉన్నాడు. పిన్ని మా ఇద్దరి వైపూ చూసింది. మేమిద్దరం తలుపు మీది కాగితం వైపు చూశాం.

"కాగితం మార్చాం తల్లీ. మొన్ననే ఒకళ్ళు..." అని పిన్ని నసిగింది.

"రూలంటే రూలే అక్కా. మా బస్సులోనూ టికెట్ లేనివాణ్ణి దింపేస్తాం." నవ్వుతూనే అంది. పిల్లాణ్ణి తిరిగి నడుం మీదకి ఎత్తుకుంది. వాడు పిన్ని జుట్టు వదల్లేదు. వేళ్ళు ఒక్కొక్కటే విప్పాల్సి వచ్చింది.

ఆమె గేటు దాటింది. నాకు అప్పుడు మేనేజరమ్మ మీద వచ్చిన కోపం అంతకుముందు ఎప్పుడూ రాలేదు. కారున్నవాళ్ళు తెలివి చూపించారు. ఆ తెలివికి మేం కట్టిన కంచె ముళ్ళు ఎవరికి గుచ్చుకున్నాయి? కారున్నవాళ్ళు మళ్ళీ వస్తే ఆ డిపాజిట్ ఒక్క చేత్తో కట్టేస్తారు. కట్టలేనిది ఈ డ్రైవరమ్మే.

ఆదివారం పిన్ని నన్ను వెంటబెట్టుకుని బస్సు స్టాపుకి బయల్దేరింది. ఎక్కడికి అంటే చెప్పదు. బస్సులు వస్తున్నాయి, వెళ్తున్నాయి, ఈవిడ ఎక్కదు. అద్దంలోంచి డ్రైవర్ల మొహాలు చూస్తోంది. చివరికి ఒక బస్సు ఆగగానే ముందు తలుపులోంచి ఎక్కేసింది.

"అక్కా, వెనక తలుపు!" అని డ్రైవరమ్మ అరిచి, పిన్నిని గుర్తుపట్టి నోరు తెరిచింది.

"రేపు పిల్లాణ్ణి తీసుకురా" అంది పిన్ని.

"డ్రైవరుతో మాట్లాడరాదు అని రాసుంది చూడు, నీ తల మీదే."

"నువ్వు మాట్లాడకు. విను. డిపాజిట్ వారానికి కొంచెం కొంచెం కట్టు. ఎన్ని వారాలైనా సరే. ఆదివారాలు డ్యూటీ పడితే వాణ్ణి ఎవరు చూస్తున్నారు?"

"కండక్టరు వాళ్ళ చెల్లెలు... అక్కా, సిగ్నల్ పడింది, పట్టుకో!"

బస్సు కుదుపుకి పిన్ని నా మీద పడింది. వెనక ఎవరో "ఆ పెద్దావిడకి సీటివ్వండయ్యా" అన్నారు. పిన్ని కూర్చోలేదు. రెండు స్టాపుల దాకా డ్రైవరమ్మ వీపుని పిల్లాడి పాల లెక్కలు అడుగుతూ నిలబడింది. పాలు ఎన్నిసార్లు, కాచినవా పొడివా, నిద్రకి ముందా తర్వాతా. దిగేముందు నేను కాగితం మాట ఎత్తితే, "కాగితం తలుపు మీద ఉంది. తలుపు నాది" అంది.

సోమవారం తెల్లవారుజామున బూరెబుగ్గలవాడు వచ్చాడు. గొడుగు కొక్కెం వాడిదయింది.

కానీ అప్పటికే కొక్కెం చాలా రోజులు ఖాళీగా ఉండింది. ఆ నెల అద్దె కుదరలేదు. ఇంటాయన వచ్చి, ముందుగదిలో పిల్లల చాపల మీదుగా చెప్పులతో నడిచి, కొలత చూసుకుంటున్నట్టు గోడలు చూశాడు. "నెలాఖరుదాకా ఆగుతాను. తర్వాత నన్ను అనకండి" అన్నాడు.

నెలాఖరుకి ముందు శనివారం మేనేజరమ్మ వచ్చింది. ఆ రోజూ డ్రైవరమ్మకి డ్యూటీ పడింది, బూరెబుగ్గలవాడు లోపల నిద్రపోతున్నాడు.

పిచ్చుక ముందు పరిగెత్తుకుంటూ వచ్చింది. "ఆంటమ్మా!" అని పిన్ని కాళ్ళు చుట్టేసుకుంది. ఎత్తుకోగానే పిన్ని మొహమంతా తడిమింది. మేనేజరమ్మ కుర్చీలో కూర్చుంది. తలూపుడు నిలబడ్డాడు.

"ఆఫీసువాళ్ళు అందర్నీ రోజూ రమ్మంటున్నారు ఆంటీ. సోమవారం నించి ఐదు రోజులూ కావాలి. కొత్త రూలు చదివాను. న్యాయంగానే ఉంది. డిపాజిట్ ఇప్పుడే ఇచ్చేస్తాను. మూడు నెలల ఫీజు కూడా ముందే కట్టేస్తాం."

మూడు నెలల ఫీజు. అద్దె బాకీ తీరిపోగా ఇంకా మిగులుతుంది. బాబాయి గొంతు సవరించుకున్నాడు. నేను పిన్ని వైపు చూశాను.

"చోటు లేదు తల్లీ. నలుగురూ నిండారు" అంది పిన్ని.

"కొత్తగా వచ్చింది ఎవరు? ఆ బస్సావిడ బాబేనా? బయట అనుకుంటున్నారు, వాయిదాల్లో కడుతోందని. మీ కాగితంలోనే ఉంది కదా ఆంటీ, డిపాజిట్ పూర్తయితేగాని చోటు ఖాయం కాదని. అంటే అది ఇంకా ఆవిడది కాదు."

అడిగేవాడికి చెప్పేవాడు లోకువ. ఆవిడ చెప్పింది నిజమే. కాగితం ప్రకారం నూటికి నూరుపాళ్ళూ నిజం. ఆ వాక్యం నేనే అచ్చు తీయించి తెచ్చాను.

"కాగితంలో అలాగే ఉంది" అంది పిన్ని. "కానీ వాళ్ళమ్మకి నేను మాటిచ్చాను."

"మా దగ్గర మాత్రం మొత్తం ఒకేసారి తీసుకున్నారు. ఆవిడకి వాయిదాలు! ఇదేం న్యాయం? మాదీ కష్టపడే డబ్బే ఆంటీ. ఇది ఎవరి దగ్గరా ఉండటం లేదు. రెండు చోట్ల పెట్టి చూశాం. ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకుంటోంది. ఇంట్లో కూడా మళ్ళీ మాట మానేసింది." ఆవిడ గొంతు అక్కడ నిజంగానే వణికింది. "ఇంట్లో ఎంత బాగా మొదలుపెట్టింది! మొదటి మాట మా ఇంట్లోనే..."

నేను ఇక ఆగలేకపోయాను.

"మీ ఇంట్లోనా? మేడమ్, ఆ మాట..."

"ఒరేయ్!"

పిన్ని నా మీద అలా ఎప్పుడూ అరవలేదు. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి పట్టుబడినప్పుడు కూడా అరవలేదు. లోపల నిద్రపోతున్న బూరెబుగ్గలవాడు ఉలిక్కిపడి లేచాడు. పిన్ని కళ్ళు నా మీంచి కదల్లేదు.

"వెళ్ళి వాణ్ణి చూడు" అంది.

నేను వెళ్ళలేదు. నోరు మాత్రం మూసుకున్నాను. ఒక్క మాట చెబితే చాలు, ఆవిడ కుర్చీలో కూలబడేది. ఇంట్లో ఉంటేనే మాటలొస్తాయని మూడు రోజులు మాన్పించింది ఎంత తప్పో, ఆ తప్పు మీదే ఇదంతా ఎలా లేచిందో తెలిసేది. పిన్ని చెప్పనివ్వలేదు. తల తిప్పి మేనేజరమ్మతో మెత్తగా అంది. "అవును తల్లీ. మీ ఇంట్లోనే అంది. మళ్ళీ అంటుంది. తొందరపెట్టకండి. రోజూ కాసేపు అద్దం ముందు కూర్చోబెట్టుకోండి. మీ నోరు కనబడాలి దానికి. అంతే."

"అంటే చోటు ఇవ్వరు."

"పై వీధిలో నాకు తెలిసినావిడ ఉంది. మంచి మనిషి. నేను మాట్లాడి పెడతాను. మొదటివారం నేనూ సాయంత్రాలు వచ్చి కూర్చుంటాను, దానికి అలవాటయ్యేదాకా. మీరు మాత్రం పిల్లకి చెప్పకుండా వదిలేసి వెళ్ళొద్దు."

తలూపుడు అప్పుడు తల ఊపలేదు. నేల చూశాడు. మేనేజరమ్మ లేచింది. "ఇన్నాళ్ళ నించీ తెలిసినవాళ్ళం. ఇలా చేస్తారనుకోలేదు ఆంటీ. అందరూ మీరు మంచివారంటారు" అంది.

పిచ్చుకని పిన్ని చంకలోంచి తీసుకోబోతే అది రాలేదు. పిన్నే గుమ్మం దాకా నడిచి, కిందకి దింపి, దాని మొహం రెండు చేతుల్తో పట్టుకుని చెప్పింది. "ఆంటమ్మ ఇంట్లో ఇప్పుడు ఇంకో బాబు ఉన్నాడు. నువ్వు కొత్తింటికి వెళ్తావు. సోమవారం సాయంత్రం నేను అక్కడికి వస్తాను. సరేనా?" పిల్లకి ఎంత అర్థమైందో. కొక్కెం వైపు వేలు చూపించింది. గొడుగు బొమ్మ కింద నీలం సంచీ ఒకటి వేలాడుతోంది. అది తనది కాదు. కారు ఎక్కేదాకా ఏడుస్తూనే ఉంది. కారు తలుపు పడ్డాక ఏడుపు వినబడలేదు.

బాబాయి వ్యాను ఓనరుకి ఫోన్ చేశాడు. జీతం ముందే తీసుకున్నాడు. బదులుగా ఆదివారాలు కూడా బండి తోలతానని ఒప్పుకున్నాడు. "ఎన్ని ఆదివారాలు?" అని పిన్ని అడిగితే, "అడక్కు. ఆదివారం అనే మాటే మర్చిపో" అన్నాడు. ఇంటాయన డబ్బు తీసుకున్నాడు. రసీదు ఇస్తూ కూడా గోడల వైపే చూశాడు.

ఆ సాయంత్రం నేను పిన్నితో, "పోనీలే, మంచి పని చేశావు. ఆవిడకి బుద్ధొచ్చి ఉంటుంది" అన్నాను.

పిన్ని బూరెబుగ్గలవాడికి చొక్కా మారుస్తోంది. చెయ్యి ఆగింది.

"ఎవరికి బుద్ధొచ్చింది? ఏడ్చింది ఎవరు? నువ్వు చూళ్ళేదా?" అంది. "పెద్దవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు గెలిచారు. నా గుమ్మంలోంచి పిల్లని ఏడిపించి పంపించాను. ఇన్నేళ్ళలో ఎప్పుడూ పంపలేదు. దానికి నువ్వు మంచి పని అని పేరు పెట్టకు."

వాళ్ళు తగ్గించి తీసుకెళ్ళిన డిపాజిట్ ఎంతో నాకు గుర్తులేదు, గుర్తుంచుకోవాలనీ లేదు. ఏ పిల్లకీ తలుపు వెయ్యని మనిషి చేత వాళ్ళు తలుపు వేయించారు. ఆ నష్టం ఏ కాగితంలో రాయాలో, ఎవరి దగ్గర కట్టించుకోవాలో చెప్పేవాళ్ళు లేరు.

సోమవారం పొద్దున పిచ్చుకని పై వీధి ఆవిడ దగ్గర చేర్చారు. సాయంత్రానికి డ్రైవరమ్మ ఇంకా డ్యూటీ నించి రాలేదు. పిన్ని బూరెబుగ్గలవాణ్ణి నా చేతిలో పెట్టింది. చెప్పులు వేసుకుని, సబ్బునీళ్ళ డబ్బా సంచీలో పడేసుకుని, పై వీధి వైపు గబగబా నడిచి వెళ్ళింది.